పాలసీ ఉంది, మరి ఫ్రిజ్ డబ్బులు ఏవి?

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లె. 2019లో బ్యాంకులో 12 లక్షల లోన్ తీసుకుని డాబా వేసుకున్నాం. లోన్ ఇచ్చేటప్పుడే ఇంటికి పదేళ్ళ ఇన్సూరెన్స్ అని డబ్బు పట్టుకున్నారు. మావారు కువైట్‌లో ఉంటారు. నేను ముందు గదిలో మూడు మిషన్లు పెట్టుకుని బట్టలు కుడతాను. 2025 అక్టోబరులో మొంథా తుఫానుకి పక్క దొడ్లో కొబ్బరిచెట్టు మా సన్‌షేడ్ మీద, వెనక రేకుల వంటింటి మీద పడింది. మురుగు కాలువ పొంగి ఇంట్లోకి రెండడుగుల నీళ్ళు వచ్చాయి. ఇంటి రిపేర్లకి మేస్త్రీ 90 వేలు చెప్పాడు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు, కుట్టు మిషన్లు, జనం కుట్టమని ఇచ్చిన బట్టలు కలిపి లక్షా పదివేలు పోయింది. ఇన్సూరెన్స్ వాళ్ళు 52 వేలు ఇచ్చారు. అదీ నా చేతికి రాలేదు, లోన్‌లో జమ చేసుకున్నారు. సామాన్లకి పైసా లేదు. ఇప్పుడు ఒకాయన వచ్చి ఏడాదికి రెండువేల చిల్లరకి ఇంకో పాలసీ తీసుకోమంటున్నాడు. మా తోటికోడలు "గవర్నమెంటు ఎలాగూ ఇస్తుంది, అదంతా దండగ" అంటోంది. పి.గన్నవరం దగ్గర లంకలో మా పుట్టిల్లు ఉంది, అక్కడికి ఏటా గోదారి వస్తుంది. వాళ్ళకైనా పనికొస్తుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 52 వేలు అన్న అంకె దగ్గర ఆగిపోయాను. ఇరవై ఏళ్ళకు పైగా, ఇన్సూరెన్స్ నష్టాలు లెక్కగట్టే సర్వేయరుగా ఇలాంటి అంకెలు వేసినవాణ్ణి. ఇది ఎలా వచ్చి ఉంటుందో చెబుతాను, మీ దగ్గరున్న కాగితంతో పోల్చి చూసుకోండి.

మీ పాలసీ 12 లక్షలకి ఉండి ఉంటుంది, ఎందుకంటే లోన్ 12 లక్షలు. బ్యాంకుకి కావలసింది తన అప్పుకి భద్రత, అంతవరకే రాయించుకుంటుంది. మీ ఇల్లు ఇప్పుడు కట్టాలంటే 18 లక్షలవుతుందని సర్వేయరు లెక్కేసి ఉంటాడు. 18 లక్షల ఇంటికి 12 లక్షలకే ఇన్సూరెన్స్ ఉంటే, నష్టంలో మూడింట రెండు వంతులే కంపెనీ ఇస్తుంది, మిగతా వంతు మీరే భరించాలి. మా భాషలో దీన్ని 'యావరేజ్ కొట్టడం' అంటారు. పాత పాలసీల్లో ఈ షరతు ఉంటుంది. మేస్త్రీ చెప్పిన 90 వేలల్లో రేకులకి, వాసాలకి పాతబడినందుకు తరుగు కింద ఓ 12 వేలు తీసేస్తే 78 వేలు. అందులో మూడింట రెండు వంతులు 52 వేలు. సరిగ్గా సరిపోయింది కదా. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, చివర్లో దానికి వస్తాను.

సామాన్లకి ఎందుకు రాలేదంటే, ఆ పాలసీలో సామాన్లు లేవు. ఇంటి కట్టడం వరకే తీసుకున్నారు. బ్యాంకు మీ ఫ్రిజ్‌ని తాకట్టు పెట్టుకోలేదు కాబట్టి దాని గురించి పట్టించుకోలేదు. "ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది" అని మనం అనుకునే ఇల్లు, అందులో మంచాలు, గిన్నెలు, పిల్లల పుస్తకాలతో సహా. కాగితం మీద ఇల్లంటే గోడలు, స్లాబు.

మన డెల్టాలో అసలు దెబ్బ ఇక్కడే తగులుతోంది. గాలి పైనుంచి తీసుకుపోతుంది, నీళ్ళు కిందనుంచి తీసుకుపోతాయి. 1996 నవంబరు 6 తుఫానులో కొబ్బరితోటలకి తోటలే నేలకూలాయి, పాకలు, పెంకుటిళ్ళు ఎగిరిపోయాయి. ఇప్పుడు డాబాలు పెరిగాయి. రెండడుగుల నీళ్ళకి డాబా గోడ కూలదు, ఓ వారం చెమ్మగా ఉండి ఆరిపోతుంది. కానీ ఫ్రిజ్ కంప్రెసర్ అడుగునే ఉంటుంది. వాషింగ్ మెషీన్ మోటారూ అడుగునే. పరుపు ఒక్కసారి మురుగునీళ్ళు పీల్చిందంటే ఇక పనికిరాదు. అంటే ఇల్లు గట్టిపడిన కొద్దీ నష్టం గోడల నుంచి సామాన్ల మీదకి మారింది, మన పాలసీలు మాత్రం ఇంకా గోడల దగ్గరే ఉన్నాయి.

52 వేలు లోన్‌లో జమ కావడం గురించి. తాకట్టులో ఉన్న ఇంటి పాలసీలో బ్యాంకు క్లాజు ఒకటి ఉంటుంది. క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకి వెళుతుంది. అందులో మోసమేమీ లేదు. అయితే తాకట్టు పెట్టిన ఇల్లు బాగుండటం బ్యాంకుకీ అవసరమే. రిపేరు బిల్లులు, పని ముందు ఫోటోలు, పని తర్వాత ఫోటోలు జతచేసి, ఆ మొత్తాన్ని రిపేర్లకి విడుదల చేయమని మేనేజరుకి రాసివ్వండి. నోటితో అడగొద్దు. కాపీ మీద ముద్ర వేయించుకోండి. లోన్ ఇద్దరి పేర్లతో ఉంటే మీవారి చేత కూడా ఒక మెయిల్ పెట్టించండి.

ఇక ఆ రెండువేల చిల్లర పాలసీ. ఆయన్ని మొదట అడగాల్సింది "ఇది భారత్ గృహ రక్షేనా?" అని. 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇళ్ళకి ఈ పాలసీ అమ్మి తీరాలని బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ పెట్టింది. షరతులు అన్ని కంపెనీలకీ ఒకటే, రేటు మాత్రం ఎవరిది వారిది. అందుకని కనీసం రెండు చోట్ల అడగండి. తుఫాను, వరద, ముంపు, పిడుగు, అగ్నిప్రమాదం, భూకంపం అన్నీ ఇందులోనే ఉంటాయి. ప్రమాదం జరిగిన వారం రోజుల్లోపు దొంగతనం జరిగినా వస్తుంది. ఇల్లు వదిలి పునరావాస కేంద్రంలో ఉన్నప్పుడు గ్యాస్ బండ ఎత్తుకుపోయిన కేసులు చూశాను కాబట్టి ఇది చిన్న విషయం కాదు. శిథిలాలు తీయించే ఖర్చు కూడా క్లెయిమ్‌లో 2 శాతం దాకా ఇస్తారు. కొబ్బరిచెట్టు కోయించి, పగిలిన రేకులు ఎత్తించడానికి మీరు ఎంతిచ్చారో నాకు తెలియదుగానీ, ఈసారి ఆ రసీదు పారేయకండి.

ఈ పాలసీలో మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి, ఇంటి కొలత, కట్టుబడి రేటు నిజం చెబితే యావరేజ్ కొట్టరు. టేపు పెట్టి గదులు కొలవండి. 900 చదరపు అడుగులుండి, మీ దగ్గర అడుగు కట్టుబడి 2,000 పడితే 18 లక్షలు. స్థలం విలువ కలపకండి. రోడ్డు పక్క సెంటు ధర ఎంతో గొప్పగా కలిపి 40 లక్షలకి రాయించుకున్నవాళ్ళున్నారు. స్థలం ఎక్కడికీ పోదు, దానికి కట్టే ప్రీమియం పోతుంది. వెనక రేకుల వంటిల్లు, కాంపౌండ్ గోడ, నీళ్ళ ట్యాంకు, సోలార్ ఉంటే అదీ విడిగా చెప్పి చేర్పించండి.

రెండోది, ఇంటికి తీసుకుంటే ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లో మామూలు సామాన్లకి లిస్టు ఇవ్వకుండానే కవర్ ఉంటుంది. 18 లక్షలకి 3 లక్షల 60 వేలు. మీ ఫ్రిజ్, మెషీన్, పరుపులు అందులో హాయిగా సరిపోయేవి. బంగారం, వెండి ఇందులోకి రావు, వాటికి విడిగా విలువ కట్టించి చేర్పించాలి. నగదు అసలు రాదు. ఎక్సెస్ అన్న మాట పాలసీలో ఉందేమో, ఉంటే ఎంతో, చూసుకోండి. క్లెయిమ్‌లో ఆ మొత్తం మీరే భరించాల్సిన వాటా.

కుట్టు మిషన్ల సంగతి వేరు. అవి మీ వ్యాపారం. ఇంటి పాలసీలో వ్యాపార సామాను చెల్లదు. ముందు గదిలో టైలరింగ్ నడుస్తోందని చెప్పకుండా పాలసీ తీసుకుంటే, రేపు సర్వేయరు గుమ్మంలో బోర్డు చూసి రాసుకునే మొదటి మాట అదే అవుతుంది. చిన్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని ఉంది, 5 కోట్ల లోపు ఆస్తులున్న వాళ్ళకి. మూడు మిషన్లు, ఓవర్‌లాక్ ఉంటే అది, లైనింగ్ గుడ్డల స్టాకు అందులో పెట్టించండి. జనం ఇచ్చిన చీరలు, జాకెట్ ముక్కలు మీ సొత్తు కావు, మీ కస్టడీలో ఉన్నవి. "కస్టమర్ల బట్టలు కూడా" అని రాయిస్తేనే వాటి మాట ఎత్తగలరు. పెళ్ళిళ్ళ సీజన్‌లో మీ గదిలో ఉండే పట్టుచీరల విలువ మీ మిషన్లకంటే ఎక్కువని నేను అనుకుంటున్నాను, కాదంటారా?

పాత పాలసీ ఉండగా కొత్తది ఎందుకని మీకు సందేహం రావొచ్చు. నా సలహా ఇది. కొత్త దాన్ని 18 లక్షలకి, బ్యాంకు పేరు కూడా చేర్చి తీసుకోండి. అది చేతికొచ్చాక, బ్యాంకు ఒప్పుకోలుతో పాతది రద్దు చేయించి, మిగిలిన సంవత్సరాలకి ప్రీమియం వాపసు అడగండి. వరస తిరగేయకండి. పాతది ముందు రద్దు చేసి, కొత్తది వచ్చేలోపు వాయుగుండం పడితే రెండిటికీ చెడతారు. బ్యాంకు ఒప్పుకోకపోతే సామాన్లకి మాత్రమే కూడా పాలసీ తీసుకోవచ్చు, అప్పుడు మొత్తం మీరే చెప్పాలి. ఆ రెండువేల చిల్లరలో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆరోగ్య, జీవిత బీమాలకి వ్యక్తులకి పన్ను తీసేశారుగానీ ఇంటి బీమాకి తీయలేదు.

రేట్లు ఎందుకు పెరుగుతున్నాయని కూడా జనం అడుగుతుంటారు, "మొన్న నేను క్లెయిమ్ చేశాననా?" అని. బండి విషయంలో అయితే అవును, క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అది 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది కాబట్టి చిన్న దెబ్బలకి క్లెయిమ్ చేయకపోవడమే లాభం. ఇంటి పాలసీలో మీ ఒక్కరి 52 వేలు పెద్ద లెక్క కాదు. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా తమ మీద పడబోయే భారంలో కొంత ఇంకో పెద్ద కంపెనీకి ఇన్సూర్ చేసుకుంటాయి. తుఫాన్లు, వరదలు వరసగా వచ్చిన ఏడాది ఆ పై కంపెనీ రేటు పెంచుతుంది, అది కిందకి దిగి మన దాకా వస్తుంది.

బండి మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. నీళ్ళలో మునిగిన స్కూటీని గానీ కారుని గానీ "వస్తుందేమో చూద్దాం" అని స్టార్ట్ చేయొద్దు. నీళ్ళు ఇంజన్‌లోకి లాక్కుని లోపల విరుగుతుంది. ఆ విరిగింది తుఫాను వల్ల కాదు, మీ చెయ్యి వల్ల అంటారు. థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ళ నష్టానికి ఇచ్చే పాలసీ, మాత్రమే ఉన్న బండికి ముంపు నష్టం ఎలాగూ రాదు.

మీ తోటికోడలి మాటకి వద్దాం. గవర్నమెంటు ఇస్తుంది, నిజమే. ఎంత ఇస్తుంది? 2022 నుంచి 2026 దాకా విపత్తు సహాయ నిధికి కేంద్రం ఖరారు చేసిన లెక్క ప్రకారం, పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000. కొంత భాగం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500. రాష్ట్రం దయతలచి పైన వేస్తే వేస్తుంది. ఆ 6,500 ఎలక్ట్రీషియన్‌కి, సున్నానికి సరి. అయినా వదులుకోకండి. సచివాలయం వాళ్ళు నష్టం రాసుకోవడానికి (ఎన్యూమరేషన్‌కి) వచ్చినప్పుడు పేరు రాయించుకోండి. అది తీసుకున్నంత మాత్రాన ఇన్సూరెన్స్ ఆగదు, పైగా మీ ఇల్లు మునిగిందనడానికి అదొక సర్కారీ సాక్ష్యం.

మీ పుట్టింటి సంగతి కష్టమైన ప్రశ్న. 2022 జులైలో గోదారి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందకి వదిలినప్పుడు లంకల్లో జనం డాబాల మీద ఉన్నారు. 10 లక్షలకి మొదటి హెచ్చరిక, 13కి రెండు, 17కి మూడు అని లంకలో పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఏజెంటు వెనకాడొచ్చు. ప్రతిపాదన ఫారంలో "గతంలో మునిగిందా" అన్న చోట ఉన్నది ఉన్నట్టు రాయండి. అబద్ధం రాస్తే, కట్టిన ప్రీమియం గోదాట్లో పోసినట్టే.

పాలసీ దొరికినా మూడు సంగతులు ముందే తెలుసుకోవాలి. ఒడ్డు కోసుకుపోయి ఇల్లు కుంగితే రాదు. నది కోత, సముద్రపు కోత వల్ల నేల కుంగడాన్ని పాలసీలోనే మినహాయించారు. లంకల్లో మనకున్న అతి పెద్ద భయం అదే, అది మాత్రం కవర్ కాదు. మెరక చేసి కట్టిన ఇల్లు, ఆ పోసిన మట్టి దిగి గోడ బీటలిస్తే అదీ రాదు. మన వైపు మెరక చేయకుండా ఇల్లెవరు కడతారు చెప్పండి! తాటాకు, గడ్డి కప్పు ఉంటే కచ్చా కట్టడం కింద లెక్క, ముందే చెప్పాలి. ఇవన్నీ పోగా మిగిలేది, నీళ్ళు ఇంట్లోకి వచ్చి చేసే నష్టం. మీ అమ్మగారిది డాబా అయి, ఒడ్డుకి దూరంగా ఉంటే తీసుకోమంటాను. ఏటిగట్టుకి లోపలి వైపు, ఏడాదికేడాది ఒడ్డు దగ్గరకొస్తున్న చోటైతే ఆ డబ్బుతో అటక గట్టిగా చేయించుకోమంటాను.

ఎక్కడైనా సరే, హెచ్చరిక వచ్చాక ఏజెంటుకి ఫోన్ చేస్తే లాభం లేదు. జులైకి ముందే గోదారికి, అక్టోబరుకి ముందే తుఫానుకి సిద్ధంగా ఉండాలి.

మళ్ళీ నీళ్ళు వస్తే ఏం చేయాలో కూడా చెప్పనివ్వండి. సర్వేయరుగా నేను గుమ్మం దాటగానే చూసేది గోడ. నీళ్ళు తీసిపోయాక సున్నం మీద గోధుమరంగు గీత ఒకటి మిగులుతుంది, ఇల్లంతా ఒకే ఎత్తులో, తలుపుల మీద, అల్మారా మీద. ఆ గీత అబద్ధం చెప్పదు. చాలామంది నేను వచ్చేసరికి శుభ్రంగా కడిగేసి, సున్నం కొట్టించేసేవారు. "ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడు కదండీ" అనేవారు. కడగండి, పిల్లలున్న ఇంట్లో మురుగు ఉంచమని ఎవరూ అనరు. దానికంటే ముందు ఆ గీత పక్కన టేపు పట్టి ఫోటో తీయండి. ఫ్రిజ్ వెనక నంబరు ప్లేటు ఫోటో తీయండి. పరుపులు వీధిలో పారేయక తప్పకపోతే నిలువునా ఒక ముక్క కోసి ఉంచండి. బిల్లు తడిసి ముద్దైందని బెంగపడొద్దు. వాయిదాల మీద కొన్నదైతే ఫైనాన్స్ కంపెనీ దగ్గర సీరియల్ నంబరుతో సహా బిల్లు ఉంటుంది. కొట్టువాడికి మీ ఫోన్ నంబరు చెబితే రెండో కాపీ తీసిస్తాడు. కంపెనీకి ఫోన్ చేసిన రోజునే ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఇప్పటి నిబంధనల ప్రకారం 24 గంటల్లో సర్వేయరుని కేటాయించాలి, అతను 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, ఆపైన వారం లోపు కంపెనీ తేల్చాలి.

ఇక ఆ మెలిక. సర్వేయరు రిపోర్టు కాపీ అడగడం మీ హక్కు. కంపెనీకి రాసి తెప్పించుకోండి. అందులో 18 లక్షలు ఎలా వేశారో చూడండి. అది కొత్తగా కట్టే ఖరీదు అయితే, మీ రేకులకి మాత్రం పాతవని తరుగు ఎందుకు తీసినట్టు? రెండిటికీ ఒకే కొలబద్ద ఉండాలి. రేకులకి తరుగు తీస్తే ఆరేళ్ళ ఇంటికీ తీయాలి. 18 లక్షల్లో 10 శాతం తీశారనుకుంటే 16 లక్షల 20 వేలు, అప్పుడు మీకు రావలసింది 57,700 పైన. తరుగే వద్దనుకుంటే 90 వేలలో మూడింట రెండు వంతులు, 60 వేలు. ఎటు చూసినా 52 వేలకంటే ఎక్కువే. కంపెనీకి ఈ ఒక్క ప్రశ్నే రాయండి, కోపంగా వద్దు. నెల దాకా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా తగాదాలు తీర్చే అధికారికి, రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, మన రాష్ట్రమూ యానామూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి. ముందు 155255కి ఫోన్ చేసి, ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వేదిక బీమా భరోసాలో ఫిర్యాదు నమోదు చేయించినా చాలాసార్లు కంపెనీ కదులుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక విలువ లెక్క వేసిన పేజీ ఒక్కటి ఫోటో తీసి ఈ శీర్షికకే మళ్ళీ రాయండి. పాలసీ మొదటి పేజీ కూడా జతచేయండి, నేను ఊహించిన 12 లక్షలు అందులో ఉందో లేదో చూద్దాం.